ఏడో నంబరు మంచం చీటీ

డాక్టర్ ఫణీంద్రకి ఒకటే కడుపుమంట. మనిషిని కళ్ళారా చూసి చెప్పే తన మాటనీ, అంకెలు కూడి చెప్పే కాగితం లెక్కనీ విశాలాక్షి మేడమ్ ఒకే గాటన కడతారని.

ఆవిడ ఆ పెద్దాసుపత్రిలో పక్షవాతం వార్డుకి పెద్ద. ముప్పై ఏళ్ళుగా అదే వార్డు, అదే పద్ధతి. పక్షవాతం వచ్చిన మనిషి చేరగానే కుర్ర డాక్టరు రెండు చీటీలు రాయాలి. వయసు, బీపీ, స్కాన్‌లో మచ్చ, కాళ్ళూచేతుల్లో సత్తువ, అన్నిటికీ మార్కులేసి కూడితే, ఇలాంటివాళ్ళు పదిమందిలో ఎందరు బతుకుతారో లెక్క చెబుతుంది. సగానికి మించితే బతుకుతాడన్నట్టు. అది ఒక చీటీ. నీ మనసుకి ఏం తోస్తోందో అది రెండోది. రెండూ మడిచి పాత బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. మూడు నెలలు పోయాక ఓ సోమవారం పొద్దున ఆ ఇంటికి ఫోను చేసి, చీటీలు విప్పి, నెగ్గినవాళ్ళ వైపు నల్లబల్ల మీద గీత గియ్యాలి. బల్లకి ఒక పక్క 'డాక్టరు', ఇంకో పక్క 'లెక్క'.

కట్టుబాటు ఒక్కటే. చీటీలో రాసింది డబ్బా దాటకూడదు.

ఆ ఏడాది డాక్టరు వైపు పంతొమ్మిది గీతలు, లెక్క వైపు పన్నెండు. పంతొమ్మిదిలో పదిహేను ఫణీంద్రవే. "అదిగో, మా జోస్యుడు వచ్చాడు" అని సిస్టర్ రూతమ్మ ఏడిపించేది. పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేవాడు. కుర్రతనం, ఏం చేస్తాం!

"ఇంకా ఈ కూడికలెందుకు మేడమ్? స్ట్రెచర్ గుమ్మం దాటుతుండగానే నాకు తెలిసిపోతుంది" అన్నాడు ఒకరోజు ఉండబట్టలేక.

"అలాగా?" అని ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

తర్వాత మేడమ్ వైద్య విద్యార్థులకి పరీక్షలు పెట్టడానికి వేరే ఊరు వెళ్ళినప్పుడు వచ్చాడు ఓదెలు. పెళ్ళి బ్యాండులో డోలు కొట్టే మనిషి, యాభై నాలుగేళ్ళు. కుడిపక్క పూర్తిగా పడిపోయింది. మాట లేదు, మింగడం రాదు, ముక్కులో పైపు వేసి పాలు పోస్తున్నారు. ఇలాంటివాళ్ళలో పదికి ఆరుగురు బతుకుతారంది లెక్క. ఫణీంద్ర ఆ గురక విన్నాడు, రెప్పలెత్తి చూశాడు. 'పదిహేను రోజులు దాటడు' అని రాసి డబ్బాలో పడేశాడు.

మూడోరోజు ఓదెలు భార్య కనకవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"ఉన్నదున్నట్టు చెప్పుండ్రి సారూ. బతికేటోడైతే ఎన్ని దినాలైనా ఈడ్నే పడుంట. లేదంటే ఇంటికి తీస్కపోత. పిల్లలన్న కండ్లనిండ చూసుకుంటరు."

కట్టుబాటు గుర్తుకు రాకపోలేదు. కానీ తెలిసిన నిజం ఆ ఇల్లాలి దగ్గర దాచడం తప్పు కాదూ అనుకున్నాడు.

"బతకడమ్మా. తీసుకెళ్ళిపోండి."

ఆ సాయంత్రమే పైపు తీయించుకుని, ఆటోలో పడుకోబెట్టుకుని వెళ్ళిపోయారు.

పది రోజులకి మేడమ్ తిరిగొచ్చారు. ఏడో నంబరు మంచం మీద వేరే మనిషి. రూతమ్మ చెప్పిందంతా విని, అక్కడికక్కడే కనకవ్వకి ఫోను చేశారు. కాసేపు విని పెట్టేశారు. ఓదెలు కేసుషీటు తెప్పించి సొరుగులో దాచుకున్నారు. ఫణీంద్రని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

సోమవారం డబ్బా తెరిచి, రెండు చీటీలు విప్పి టేబుల్ మీద పెట్టి, "ఏడో నంబరు" అన్నారు.

"మూడు నెలలు కాలేదుగా మేడమ్?"

"ఇది ముందే అయిపోయింది."

ఫణీంద్రకి అర్థమైంది. పాపం అనిపించింది. అయినా చెయ్యి సుద్దముక్క మీదికే పోయింది. తన పదహారో గీత గియ్యడానికి.

"ముందు ఫోను. అందరికీ వినబడేలా పెట్టు" అన్నారు మేడమ్.

"మీరు చెప్పినట్టే అయింది సారూ" అంది కనకవ్వ గొంతు. "ఇంటికొచ్చిన ఆరోనాడు పోయిండు."

'అయ్యో' అని ఫోను పెట్టేయబోయాడు. మేడమ్ చేత్తో ఆపారు. "ఎలా పోయాడో అడుగు."

అడిగాడు.

"నాలుగోనాడు కండ్లు తెరిచిండు సారూ. ఎడమచేత్తోని మంచం పట్టె మీద దరువేసిండు. పిల్లలు ఒకటే సంబురం. నోరు తెరుస్తుంటే ఆకలైతున్నదేమోనని చెంచతోని జావ పోసిన. పొలమారింది. ఇగ దగ్గుడు, జరం, రొప్పుడు. దవాఖానకు తీస్కపోదామని మా తమ్ముడు ఒకటే మొత్తుకున్నడు. నేనే వద్దన్న. బతకడని సారే చెప్పిండు గద, ఊకె ఆయన్ని తిప్పలు పెట్టుడెందుకని." కొంచెంసేపు ఏడుపు వినబడింది. "ముందుగాల చెప్పి మంచి పని చేసిన్రు సారూ. మీరు సల్లగుండాలె."

రూతమ్మ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"ఈ గీత లెక్క వైపు గీసేస్తాను మేడమ్" అన్నాడు ఫణీంద్ర.

మేడమ్ తల అడ్డంగా ఊపారు. సొరుగులోంచి ఓదెలు కేసుషీటు తీసి, మూడోరోజు పేజీ విప్పారు. ఆ రోజు ఇవ్వాల్సిన మందులన్నీ అందులో ఫణీంద్ర రాతలోనే ఉన్నాయి. బీపీ మాత్ర, ఇంజెక్షను, పైపులో రెండు గంటలకోసారి పాలు. ఆవిడ టేబుల్ మీది అతని చీటీ తీసుకుని, వెనక జిగురు రాసి, ఆ వరస కిందే అంటించారు. 'పదిహేను రోజులు దాటడు.'

పెన్ను మూత తీసి అతని ముందు పెట్టారు.

"ఇది జోస్యం కాదు నాయనా, నువ్విచ్చిన మందు. కింద సంతకం పెట్టు."