గాలిగట్టు స్వామికి సగం దండ

గాలిగట్టు ఆంజనేయస్వామి గుడికి వచ్చే భక్తులను అర్చకులు గడప దగ్గర ముందుగా అడిగేది గోత్రం కాదు, "భోంచేశారా?" అని. లేదన్నవారిని, ఎంతటివారైనా సరే, పక్కనున్న వంటసాలకు పంపిస్తారు. అక్కడ మోకాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, పొగలు కక్కే అన్నంలో సొంఠిపొడి, నెయ్యి కలిపి పెడతారు. తిన్నాకే దర్శనం. ఇక స్వామి మెడలోని తమలపాకుల దండ పాదాల దాకా ఉండదు, బొడ్డు దగ్గరే ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవారు పాపం ఆకులు చాలలేదేమో అనుకుంటారు. కానే కాదు.

పూర్వం ఇక్కడ పేరిందేవమ్మ అనే ఇల్లాలు ఉండేది. స్వామికి రోజూ ఆకుల దండ కట్టడం ఆమె పని, ఆమె ప్రాణం కూడా. భక్తి ఎక్కువ, పట్టుదల అంతకంటే ఎక్కువ. గట్టు మీది ఈదురుగాలిలో చన్నీళ్ళ స్నానం, పొద్దుగూకే దాకా పస్తు, ఆపైన గుప్పెడు పేలాలు, రాత్రంతా జపం. ఇలా ఏళ్ళు గడిచేసరికి ఒంట్లో వాతం ప్రకోపించింది. కీళ్ళు బిగుసుకున్నాయి, వేళ్ళు వణికాయి, పట్టుకున్న ఆకల్లా చిరిగిపోసాగింది. తన భక్తిలోనే ఏదో లోపముందనుకుని ఆ మహాతల్లి పేలాలు కూడా మానేసింది!

"అక్కా, స్వామికి ఆకులు సరే, నీ కడుపులో ఏమైనా పడిందా?" అని తోటికోడలు రత్నాజమ్మ పోరుతూనే ఉండేది. వింటేగా!

చివరికి ఒకనాడు అర్చకులు శేషాచార్యులు నొచ్చుకుంటూనే, "అమ్మా, రేపటి నుంచి దండ రత్నాజమ్మ కడుతుంది, మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నారు. పేరిందేవమ్మ గుండె చెరువైంది. మంటపంలో స్తంభానికి ఆనుకుని ఏడ్చి ఏడ్చి, ఆ మిట్టమధ్యాహ్నం అలాగే కునుకు పట్టింది.

కలలో స్వామి కనిపించాడు. ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. "ఏమమ్మా, నీ ఒంట్లో తిరిగే వాయువు ఎవరనుకున్నావు? మా నాన్న. కొడుక్కి దండలు వేసి తండ్రిని పస్తులుంచుతావా? ఆయనకు చలి పడదు, ఎండు తిండి పడదు. వేడిగా, నేతితో, వేళకు పెట్టు. నూనె రాసి వేణ్ణీళ్ళతో స్నానం చేయించు. రాత్రి పడుకోనివ్వు" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి లేచి నేరుగా ఇంటికి నడిచింది. "రత్నా, ఆకలేస్తోందే, అన్నం పెట్టు" అంది. ఆ మాట కోసం ఏళ్ళుగా కాచుకున్న రత్నాజమ్మ కళ్ళు తుడుచుకుంటూ వడ్డించింది.

మర్నాటికే మహిమ జరిగిపోలేదు. నూనె, వేణ్ణీళ్ళు, వేళకు తిండి, కంటినిండా నిద్ర, వానాకాలం వెళ్ళి చలికాలం వచ్చేదాకా అదే వరస. దండ కట్టని ఆ రోజుల్లో తోటికోడలు దండ కడుతుంటే పక్కన కూర్చుని చూసేది. క్రమంగా వణుకు తగ్గింది. మళ్ళీ దారం పట్టిన రోజున పని నెమ్మదిగా సాగి, దండ సగమయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అర్చకులు హారతి పళ్ళెంతో ఎదురుచూస్తున్నారు. పాత పేరిందేవమ్మ అయితే తిండి మాట తలవకుండా పూర్తి చేసేదే. ఈసారి ముడి వేసి లేచింది.

"స్వామీ, ఈ పూటకు ఇంతే. మీ నాన్నగారు ఆకలి మీద ఉన్నారు" అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

అర్చకులు ఆ దండే వేశారు. అది బొడ్డు దాకా వచ్చింది. ఆనాడు స్వామి ముఖం కళకళలాడిందని పెద్దలు చెబుతారు.

నేటికీ దండ అంతే. ఈ స్వామిని నమ్మినవారికి వేళకు ఆకలి వేస్తుందని, వేళకు నిద్ర పడుతుందని ఇక్కడివారి విశ్వాసం. ఇది చదివేసరికి పొద్దు నెత్తికెక్కి ఉంటే, ముందు వెళ్ళి భోంచేసి రండి. స్వామి ఎక్కడికీ వెళ్ళడు.