కొంగ కొత్త బట్టకు పసుపు

"తొలకరి పడ్డాక దుక్కిలో ఎద్దు వెనకాలే నడిచే కొంగను చూశారా? ఒళ్ళంతా తెలుపు. తలా, మెడా, వీపూ మాత్రం పసుపు. ఎవరు పూశారంటారు?" అని అడిగింది వకుళమ్మ.

"బురదలో పడిందేమో అమ్మమ్మా," అంది చిన్న మనవరాలు.

"బురద కాదులే. విను."

ఒకప్పుడు కొంగ ఏడాది పొడుగునా తెల్లగానే ఉండేది. ఎండాకాలానికి తెలుపు చల్లన కదా, బాగానే ఉండేది. కానీ తొలకరికి పిట్టలన్నీ పాత ఈకలు విడిచి కొత్తవి కట్టుకునేవి. కొత్త బట్టకు పసుపు పెట్టించుకోనిదే మొదటి నాగటి చాలులో ఎవరూ కాలు పెట్టకూడదు. ఆ పసుపు కూడా పెద్దవాళ్ళే పెట్టాలి. అదీ పద్ధతి.

తెల్లి అనే కొంగకు అమ్మ లేదు. వేసవంతా అర్ధాకలితో గడిపింది. నాగలి కదిలితే మట్టిలోంచి పురుగులు లేస్తాయి, ఇవాళైనా కడుపు నిండుతుందని గట్టు మీద వాలింది.

"పసుపేదీ?" అంది గోరువంక. "మా అమ్మ నా కళ్ళ చుట్టూ ఎంత దట్టంగా పూసిందో చూడు. ఉత్త బట్టతో వచ్చేస్తారా ఎవరైనా?"

తెల్లి గబగబా తంగేడు పొదలో దూరి, పూలకు తల రుద్దుకుని వచ్చింది. ఇంతలో జల్లు పడింది. పుప్పొడంతా కారిపోయింది.

"ఎవరికి వాళ్ళు పెట్టుకుంటే అంతేనమ్మా," అంది గోరువంక.

తెల్లి గట్టు మీదే తల దించుకుని నిలబడింది. ఎదురుగా పురుగులు లేస్తున్నాయి. మిగతా పిట్టలు తింటున్నాయి.

కాడి కింద ఉన్న ముసలి ఎద్దు పుల్లన్న గట్టు దగ్గర ఆగిపోయాడు. ఏరువాక అని పొద్దున్నే రైతు ఇల్లాలు అతని నుదుటికి ముద్దగా పసుపు పూసింది.

"రావేం తల్లీ? ఈగలు కుట్టి చంపుతున్నాయి."

"నాకు పసుపు పెట్టే పెద్దవాళ్ళు లేరు తాతా."

"ఏడాదంతా నా వీపెక్కి తిరిగావు. ఇవాళ నేను పెద్దవాణ్ణి కాకుండా పోయానా?"

పుల్లన్న తల వంచి, నుదురు తెల్లి తలకు ఆనించి మెల్లగా రాశాడు. పసుపు మెడకంటింది, వీపుకంటింది.

"అంచుకు చుక్క పెడితే చాలు తాతా," అంది తెల్లి.

"నాకు వేళ్ళు లేవే పిచ్చిదానా. అంటినంత అంటనీ."

గోరువంక పక్కకు జరిగి చోటిచ్చింది. తెల్లి చాలులోకి దిగి కడుపారా తింది.

"మళ్ళీ వాన పడితే పోలేదా?" అంది పెద్ద మనవరాలు.

"పెద్దవాళ్ళు పెట్టింది కదమ్మా, పోలేదు. కోతలయ్యాకే ఆ ఈకలు విడిచింది. అప్పటినుంచే కొంగ ఎండాకాలమంతా తెల్లగా ఉండి, తొలకరి రాగానే తలకూ మెడకూ వీపుకూ పసుపుతో ఎద్దు వెంట నడుస్తుంది."

వకుళమ్మ లేచింది. మబ్బు కమ్ముకొస్తోంది, దండెం మీద ఇంకా సగం బట్టలున్నాయి.