పాడుపట్నం గుమ్మం దగ్గర దీపం

పాడుపడ్డ పాత పట్నం మీదే కొత్త రాజధాని కట్టాలని రాజుగారికి బుద్ధి పుట్టింది. అంత మహానగరం ఎందుకు కూలిందో ముందు తేల్చమని, ఆ మొండిగోడల మధ్యే కొలువు తీరాడు. విరిగిన కోటగుమ్మం బయట బుట్టలల్లుకునే నూకాలు అవ్వ చెవి అటే వేసింది.

"ఏరు దారి మళ్ళింది. నీళ్ళు లేక ఊరు ఎండిపోయింది," అన్నాడు మంత్రి.

"కాదు, శత్రువులు తగలబెట్టారు," అన్నాడు సేనాపతి.

రాజగురువు ఇద్దరినీ చూసి నవ్వాడు. "ఈ బుట్టలవాళ్ళ తాతల్ని ఆనాటి రాజు బయటికి గెంటేశాడు. వాళ్ళ శాపమే తగిలింది. వీళ్ళు ఏటా ఈ గుమ్మం దగ్గర దీపం పెట్టేది ఆ శాపం ఆరకుండా ఉండాలనే. ముందు వీళ్ళని తరిమేయండి!"

భటులు గుమ్మం బయట ఉన్న బుట్టలవాళ్ళ గుడిసెల మీదికి కదిలారు. నూకాలు చేతిలోని వెదురుబద్ద కింద పెట్టి, రాజు ఎదుటికి వచ్చింది.

"మారాజా, మంత్రిగారి మాట నిజమైతే తప్పు ఆ ఏటిది. సేనాపతిగారి మాట నిజమైతే తప్పు శత్రువుది. మేమెందుకు పోవాలి? గురువుగారి మాటే నిజమంటారా, మమ్మల్ని గెంటినందుకే ఆ పట్నం కూలింది. మళ్ళీ గెంటుతారా?"

రాజు చెయ్యెత్తి భటులను ఆపాడు. ఆ మొండిగోడల వంక చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు చెప్పు అవ్వా, అసలెందుకు కూలింది?"

"ఏమో మారాజా. కూలేనాటికి మావాళ్ళు గుమ్మం బయటే ఉన్నారు కదా. లోపల పోయినోళ్ళకి దీపం పెట్టడం ఒక్కటే మాకు తెలుసు."