నాంచారమ్మ నల్లపెంకు

గానుగలు ఎద్దులతో తిరిగే రోజులవి. అప్పుడు ఏలిన రాజు పేరు ఎవరికీ గుర్తు లేదు. గాజుల మలారం మూట మోసి ఇంటింటా అమ్మిన నాంచారమ్మ పేరు మాత్రం గానుగపాడులో పసిపిల్లకు కూడా తెలుసు. ఎందుకో వినండి.

గానుగపాడు బెల్లానికి పెట్టింది పేరు. పొద్దున పానకం, మధ్యాహ్నం బెల్లపన్నం, పొద్దుగూకితే బెల్లం ముక్క. అట్లాంటి ఊళ్లోకి ఓ రోగం నక్కి నక్కి వచ్చింది. దాహం తీరదు, ఒళ్లు నిలవదు, కాలి పుండు మానదు. దాన్ని తీపిరోగం అన్నారు. నాంచారమ్మ మొగుడు పుల్లయ్య దానితోనే పోయాడు. కాలికి చిన్న ముల్లు గుచ్చుకుంది, అంతే.

నాంచారమ్మ కడుపారా ఏడ్చింది. తర్వాత వైద్యుడి దగ్గరికి వెళ్లింది.

"నా మొగుడి లాంటి వాళ్లు ఇంకెందరున్నారయ్యా?"

"నా గడప తొక్కినవాళ్ల సంగతి చెప్పగలను. తొక్కనివాళ్ల సంగతి నాకేం తెలుసు?"

గాజులమ్ముకునే మనిషి తొక్కని గడప ఉంటుందా? ఆ రోజు నుంచి ఆమె గాజులు తొడుగుతూ, ఆ ఇంట్లో పెద్దవాళ్ల గురించి ఒక్కొక్కరి పేరు చెప్పి మూడు మాటలు అడిగేది.

"దాహానికి ఎన్ని చెంబులు తాగుతున్నారు? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? దొడ్లో పోసిన చోట చీమలు పడుతున్నాయా?"

మూడూ ఉంటే కుండలో ఎర్ర గాజుపెంకు వేసేది. లేకపోతే పచ్చపెంకు. చెప్పకుండా తలుపేసిన ఇంటికి నల్లపెంకు.

ఆడవాళ్లు నవ్వారు. "జబ్బున్నవాళ్లను లెక్కపెట్టు వదినా, బాగున్నవాళ్లెందుకు?"

"వందలో ముగ్గురా, పదిలో ముగ్గురా తెలియొద్దా తల్లీ?"

"మరి నల్లది?"

"చెప్పనంత మాత్రాన జబ్బు లేనట్టా?"

మొదటి ఏడు ఒక కుండ నింపింది. రెండో ఏడు రెండో కుండ నింపింది. మూడో ఏడు మూడో కుండ నింపింది. ఆ మూడో ఏడే కాలువ తవ్వడానికి పై ఊళ్ల నుంచి మట్టిపనివాళ్లు వచ్చి, ఏటిగట్టున ముప్పై గుడిసెలు వేసుకున్నారు. ఆ ఏడు ఊళ్లో చావులు ఎక్కువయ్యాయి. భయం పట్టినవాళ్లకు వేలు చూపడానికి ఎవరో ఒకరు కావాలి కదా!

ఊరి పెద్ద వీరభద్రయ్య చావడిలో తీర్పు చెప్పాడు. "ఈ రోగం తెచ్చింది వాళ్లే. రేపు పొద్దెక్కేలోగా గుడిసెలు పీకించండి."

బయట ముసురు. గుడిసెల్లో చంటిపిల్లలు.  ఆ తీర్పు వినగానే నాంచారమ్మ ఇంటికి పరుగెత్తి, మూడుసార్లు తిరిగి మూడు కుండలూ, ఒక చిన్న ముంతా చావడికి మోసుకొచ్చింది.

"అయ్యా, వాళ్లొచ్చి ఎన్నాళ్లయింది?"

"ఆరు నెలలు. అయితే ఏమే నాంచారీ?"

ఆమె మొదటి కుండ బోర్లించింది. ఎర్రపెంకులు ఏడు. రెండోది బోర్లించింది. పదిహేను. మూడోది బోర్లించింది. ముప్పై.

"ఈ మొదటి రెండు కుండలూ నిండేనాటికి ఏటిగట్టున ఒక్క రాట కూడా పాతలేదు బాబూ. వాళ్ల గుడిసెలూ తిరిగాను, ఆ పెంకులు ఈ ముంతలో ఉన్నాయి. అక్కడ అరవైమందిలో ఒక్కరు. మన ఊళ్లో పదిమందికొకరు. రోగం మన వంటింట్లో ఉంటే వాళ్ల గుడిసెలు పీకి ఏం లాభం?"

వీరభద్రయ్య పెంకుల వైపు చూశాడు. "కుండకొక నల్లపెంకుందే. అదెవరిది?"

"తమ ఇంటిదే బాబూ. మూడేళ్లూ వచ్చాను. మూడేళ్లూ తలుపేశారు."

  వీరభద్రయ్య పంచె అంచు పైకి తీశాడు. కాలి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఆ పుండు మానక ఏడాదయింది. వంగి మూడో కుండలోని నల్లపెంకు ఏరి పక్కన పెట్టి, చెయ్యి చాపాడు.

"ఎర్రది ఇవ్వు నాంచారమ్మా."

గుడిసెలు నిలిచాయి. ఊరు బెల్లం తగ్గించింది, కొర్రన్నానికి మళ్లింది, పొద్దున్నే కాలువగట్టు మీద నడిచింది, పడుకోబోయే ముందు పాదాలు కడిగి చూసుకుంది. రోగం పోయిందంటే అబద్ధమవుతుంది. కానీ ఆ తర్వాతి కుండల్లో కొత్త ఎర్రపెంకులు తగ్గుతూ వచ్చాయి. నాంచారమ్మ నిండా బతికి పోయిన రోజున ఇంటికొక పెంకు తెచ్చి ఆమె మలారంలో వేశారట. దాన్ని ఎత్తడానికి నలుగురు పట్టారట!

ఇప్పటికీ ఏటేటా కాలువకు నీళ్లు వదిలే రోజున గానుగపాడులో ఓ ఆడమనిషి మలారం ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ మూడు మాటలూ అడుగుతుంది. ఎవరైనా నసిగితే ఇంట్లో పిల్లలే కేకేస్తారు, "తాతా, తలుపు తియ్యి! మనింటికి నల్లపెంకు పడుతుంది!" వీరభద్రయ్య వంశంవాళ్లు మాత్రం అంతదాకా రానివ్వరు. తలుపులు బార్లా తెరిచి, అందరికంటే ముందే వాకిట్లో నిలబడతారు.