గళ్ళచొక్కా

నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. మధ్యలో మూతి విరిస్తే మాత్రం ఊరుకోను. నేను డోలు కోటిలింగాన్ని. నేను గట్టిమేళం కొడితే పందిరి గుంజలు బెత్తెడు లోతుకు దిగేవి. ఓసారి పర్చూరు పెళ్ళిలో కొట్టిన దెబ్బకి చీరాల స్టేషన్లో రైలు పచ్చజెండా చూడకుండానే కదిలిపోయింది. గార్డు ఇప్పటికీ నన్ను తిట్టుకుంటాడని వినికిడి.

అంతటివాణ్ణి తొమ్మిది రోజులు ఏడిపించిన పని ఒక్కటే. మా చిన్నమ్మాయి పెళ్ళికి ఫొటోగ్రాఫర్ని కుదర్చడం.

ముహూర్తం పెట్టుకొచ్చిన రోజే మా అమ్మ నన్ను పిలిచింది. అప్పటికి ఆమెకి ఎనభై రెండు. ఒక కంటికి చూపు లేదు. రెండో కంటికి ఉన్న కాస్తా ఏడాదికి మించి ఉండదని డాక్టరు చెప్పేశాడు.

"పెద్దదాని పెళ్ళి నేను చూళ్ళేదురా," అంది. "చిన్నదానిదన్నా చూపించు."

"అదేంటమ్మా! మంటపానికి ఎదురుగా, మొదటి వరసలో కుర్చీ వేయించాను గదా!"

"కూర్చున్నాను."

"మరేం చూశావు?"

"గళ్ళచొక్కా."

"గళ్ళచొక్కా ఏంటమ్మా?"

"నీలం, తెలుపు. పెద్ద గళ్ళు."

పెద్దమ్మాయి పద్మజ ఇంటికి కబురుపెట్టి, ఆరేళ్ళనాటి పెళ్ళి ఆల్బం తెప్పించాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా మూడుసార్లు తిరగేశాను. వియ్యాలవారున్నారు, వంటవాళ్ళున్నారు, పెరట్లో కట్టేసిన గేదె కూడా ఉంది. గళ్ళచొక్కా వాడొక్కడూ లేడు.

పాపం, చూపుతోపాటు మతి కూడా పోతోంది అనుకున్నాను. ఆల్బం చూస్తే మసకమసకగా ఉంది. అందులో ఆమెకి ఏం కనబడుతుంది? ఈసారి గుడ్డివాడు తడిమినా పెళ్ళికూతురు కనబడేలాంటి ఆల్బం తీయిస్తానని శపథం పట్టాను.

ఒంగోలు నుంచి గుంటూరు దాకా స్టూడియో అన్నది వదల్లేదు. తొమ్మిది రోజుల్లో నాలుగు వందల ఆల్బములు చూశాను. కళ్ళు మూసుకుంటే ఎవరెవరి వియ్యపురాళ్ళో వచ్చి నవ్విపోయేవారు.

ఒకడు క్రేన్ తెస్తానన్నాడు. దాని చివర కెమెరా పెట్టి, పందిరి మీంచి గద్దలా దించుతాడట.

ఇంకొకడు, "తాళి రెండుసార్లు కట్టించండి సార్. ఒకటి మీకు, ఒకటి కెమెరాకి," అన్నాడు.

మరొకడు, "ముహూర్తం అరగంట జరపగలరా అండీ? ఎండ ఏటవాలుగా పడితే బాగుంటుంది," అన్నాడు.

"అడుగుతానుండు," అన్నాను. "పంతుల్ని అడగమంటావా, నక్షత్రాన్నా?"

ఇంకొల్లులో ఒకాయన పల్చటి ఆల్బం ఒకటి చూపించాడు. అన్నీ పక్కనుంచి, కిందనుంచి తీసినవే. పెళ్ళికొడుకు ఒక్కదాంట్లోనూ కెమెరా వంక చూడడు. పైగా నన్నొక ప్రశ్న వేశాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కడ కూర్చుంటారండీ?"

"నువ్వొచ్చేది పెళ్ళి తీయడానికా, ముసలాళ్ళని కాపలా కాయడానికా?" అన్నాను. ఆయన ఆల్బం నా చేతికిచ్చి పంపాడు.

ఇంట్లో మా ఆవిడ క్రేన్ వాడే కావాలంది. చిన్నమ్మాయి సుభాషిణి రెండుసార్లు తాళి కట్టించేవాడే కావాలంది. వియ్యంకుడు ఫోన్ చేసి, "మా వైపు నుంచి ఇంకొకణ్ణి కూడా తెస్తాం బావగారూ, చోటుంచండి," అన్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ మీద జాలిపడి మానుకున్నాను.

చివరికి పదిహేడు ఆల్బములు, పెట్టెలతో సహా మోపెడ్ మీద కట్టుకుని మా గురువుగారి దగ్గరికి బయల్దేరాను. ఆ బరువుకి అది సగం దారిలో చతికిలబడింది. మిగతా మూడు మైళ్ళూ దాన్ని నేనే భుజాన వేసుకుని నడిచాను.

మా గురువుగారు నాదస్వర విద్వాంసులు, షేక్ దస్తగిరి సాహెబ్. తెల్లవారి నమాజు, ఆ వెంటనే రాములవారి కోవెల్లో మేలుకొలుపు. రెంటిలో ఏదీ ఒక్కరోజు తప్పి ఎరగరు. పన్నెండేళ్ళు ఆయన పక్కన కూర్చుని డోలు కొట్టాను. పంతులుగారి వేలు లేచిందంటే, దించేలోపు గట్టిమేళం మోగాలి. మూడువేల పెళ్ళిళ్ళలో ఆయనకి అది తప్పింది ఒక్కసారే.

అది మా పద్మజ పెళ్ళిలో. మూడో ముడి పడిపోయాక గానీ మేళం అందుకోలేదు. ఆడపిల్ల తండ్రిగా పీటల దగ్గర కూర్చున్నాను కాబట్టి తల తిప్పలేదు గానీ, నా చెవులు భగ్గుమన్నాయి. ఆరేళ్ళుగా ఆ మాట మింగుకునే ఉన్నాను. గురువుని ఎలా అడుగుతాం?

నేను వెళ్ళేసరికి ఆయన వసారాలో చాప మీద కూర్చుని, నాదస్వరం మొదట్లో పెట్టుకునే రెల్లు పీకని చిన్న కత్తితో గీకుతున్నారు.

"గురువుగారూ, పిచ్చెక్కిపోతోందండీ," అంటూ పెట్టెలన్నీ దించాను. "మా అమ్మకి పెళ్ళి కనబడాలి. ఆ కన్ను ఇంకో పెళ్ళిదాకా ఉండదు. వీళ్ళలో మొనగాడెవడో మీరే చెప్పాలి."

ఒక్కొక్క ఆల్బమూ విప్పి, దాని గొప్ప ఇదీ, దీని గొప్ప అదీ అని గంటసేపు చెప్పాను. ఆయన పీక మీంచి కళ్ళు ఎత్తలేదు.

"డోలు తెచ్చావా?" అన్నారు.

"మోపెడ్ మీద చోటెక్కడుందండీ?"

"ఆ పెట్టె మీద కొట్టు. నేనే పంతుల్ని. నా వేలు లేచినప్పుడు గట్టిమేళం."

నాకు చిన్నతనంగా అనిపించింది. రైళ్ళు కదిలించినవాణ్ణి, నాకిప్పుడు ఓనమాలా? అయినా గురువాజ్ఞ. పెట్టె ఒళ్ళో పెట్టుకుని మెల్లగా తాళం నడుపుతూ కూర్చున్నాను.

ఆయన పదిహేడింట్లోకీ పెద్దది, క్రేన్ వాడి ఆల్బం, తీసుకున్నారు. తలుపంత ఉంటుంది. దాన్ని తెరిచి, మా ఇద్దరి మధ్య చాప మీద నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకున్నారు. ఆయన మనిషే కనబడకుండా పోయారు.

నేను కొడుతున్నాను. వేలు కనబడదు.

కుడిపక్కకి ఒరిగాను. ఆల్బమూ కుడిపక్కకి జరిగింది. ఎడమపక్కకి ఒరిగాను. అదీ ఎడమకి వచ్చింది. నా కళ్ళముందు ఎవరో పెళ్ళికూతురు గడ్డం కింద వేళ్ళు పెట్టుకుని నవ్వుతోంది.

"గురువుగారూ, వేలు కనబట్టంలేదండీ!"

ఆల్బం ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అబ్బబ్బ! కనబడకపోతే ఎలా కొట్టి చావనండీ? కాస్త ఆ అడ్డం తీయండి!"

"తాళి కట్టడం అయిపోయింది, కోటిలింగం," అన్నారు అవతలినుంచి.

ఆల్బం మూసి నా చేతుల్లో పెట్టారు.

"ఎలా కట్టారో ఇందులో చూసుకో."

మళ్ళీ కత్తి తీసుకుని రెల్లు పీకని గీకసాగారు.

పుట్టి బుద్ధెరిగాక నా నోరు మూతబడింది ఆ ఒక్కరోజే. ఆరేళ్ళుగా మింగుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"గురువుగారూ... పద్మజ పెళ్ళిలో మేళం..."

"నీలం, తెలుపు," అన్నారాయన తలెత్తకుండా. "పెద్ద గళ్ళు."

ఇంటికొచ్చి ఆ ఇంకొల్లాయన పల్చటి ఆల్బం మళ్ళీ తెరిచాను. తాళి కట్టే ఫొటోలో, పెళ్ళికూతురి భుజం వెనకాల ముగ్గురు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. ఒకావిడ కళ్ళజోడుని చేత్తో ఎత్తి పట్టుకుంది. ముగ్గురి చూపూ ముడి మీదే ఉంది. మిగతా పదహారూ మళ్ళీ విప్పి చూశాను. తాళి కట్టే ఫొటోలో ఒక్క ముసలమ్మా లేదు. వెనక తెల్లటి లైటు వెలుగు తప్ప ఏమీ లేదు.

క్రేన్ వద్దన్నాను. రెండో తాళి వద్దన్నాను. వియ్యంకుడి ఫొటోగ్రాఫర్ని ముందే భోజనాల బంతిలో కూర్చోబెట్టి, అరిసె మీద అరిసె వేయించాను. పాపం, ముహూర్తం వేళకి లేవలేకపోయాడు. మా ఆవిడ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఇంకొల్లాయన ముహూర్తానికి ముందే వచ్చి, మా అమ్మ కుర్చీని రెండు మూరలు పక్కకీ, నాలుగు మూరలు ముందుకీ జరిపించాడట. ఆ తర్వాత మంటపం గుంజ పక్కన నేల మీద కూర్చుండిపోయాడట. ఇవన్నీ నాకు తర్వాత చెప్పారు.

పంతులుగారి వేలు లేవడం, గురువుగారి నాదస్వరం లేవడం ఒకేసారి జరిగాయి. నేను తిప్పకూడని తల తిప్పాను. నాకూ మా అమ్మకీ మధ్య ఏమీ లేదు. ఒంటికన్ను ఇంత చేసుకుని, తిరనాళ్ళకి వచ్చిన చిన్నపిల్లలా నోరు తెరిచి చూస్తోంది.

అక్షింతలయ్యాక వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"చూశావా అమ్మా?"

"మూడో ముడి వదులుగా వేశాడురా మీ అల్లుడు," అంది. "బిగించమను."

మరుసటేడు ఆ కన్నూ పోయింది. ఆ పెళ్ళి ఆల్బం ఏదని ఆమె ఒక్కసారీ అడగలేదు.

ఏం, నమ్మరా? ఆ పెళ్ళికి ఎనిమిదివేలమంది వచ్చారు. ఫొటోలు తీసినాయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడో వాళ్ళలో ఒక్కరు చెప్పినా నా డోలు ఇచ్చేస్తాను. చెప్పలేరు. నాకే తెలియదు. పేరు మాత్రం చెబుతాను, వెళ్ళి అడుక్కోండి: ఇంకొల్లు, పులిపాటి యోహాను.