పైడయ్య పలికే రేవు

ఊఁ కొడుతూ వినండి. మధ్యలో కునుకు తీస్తే నాకు కోపం వస్తుంది. మా తాతకు తాత ఇంకా పుట్టని రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున పైడయ్య అనే ఒంటి మనిషి ఉండేవాడు. ఆలి లేదు, బిడ్డ లేదు, గుడిసె ముందు కుక్కయినా లేదు.

ఆ ఏట్లో నీళ్లు మోకాలి లోతే. కానీ అడుగున ఊబి. ఇవాళ ఇక్కడుంటే రేపు ఇంకోచోట ఉంటుంది. ఏరు దాటేవాళ్లు "పైడయ్యా, ఉన్నావా?" అని కేకేసేవాళ్లు. "ఉన్నా, రండి" అనేవాడు. పాదంతో మూడుసార్లు తట్టి చూసి అడుగేసేవాడు. వెనకే జనం నడిచేవాళ్లు. రోజంతా అతన్ని పలకరించే మాట ఆ కేక ఒక్కటే. దానికోసమే పొద్దున్నే లేచేవాడు.

ఒకనాడు ఒక పండితుడొచ్చాడు. "ఇక్కడ ఊబి లేదని నీకెలా తెలుసు?" అన్నాడు.

"కాలికి తెలుస్తాది బాబూ."

"నీళ్లలో కర్ర వంకరగా కనబడదా? కన్ను మోసం చేసినట్టే కాలూ చేస్తుంది."

"కనబడతాది బాబూ. చెయ్యెట్టి తడిమితే తిన్నగానే ఉంటాది."

"ఈ విద్య ఏ గురువు నేర్పాడు?"

"పుట్టిన బిడ్డకి పాలు తాగడం ఏ గురువు నేర్పాడు బాబూ?"

జనం నవ్వారు. పండితుడికి ఒళ్లు మండింది. కొలతలు కొలిచి, ఏటికి అడ్డంగా వెదురు గడలు పాతించాడు. "వీటి వెంట నడవండి, చాలు" అన్నాడు. చదువుకున్నవాడు చెబితే మనవాళ్లు కాదంటారా! కేక ఆగిపోయింది.

పైడయ్య ఒకరోజు చూశాడు, రెండో రోజు చూశాడు. మూడో రోజు ఎవరూ పిలవకుండానే "ఉన్నా, రండి" అన్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

వానొచ్చింది. ఏరు పొంగి తగ్గింది. గడలు కదల్లేదు, ఊబి కదిలింది. ముందుగా దిగిన పండితుడు నడుం దాకా కూరుకుపోయాడు.

"పైడయ్యా, ఉన్నావా?"

"ఉన్నా!" పరుగున వచ్చి, ఒక గడ పీకి అందించాడు. "ఊబి ఉందంటారా, లేదంటారా బాబూ?"

"ఉంది నాయనా, ఉంది! లాగు!"

లాగాడు. పండితుడే స్వయంగా గడలన్నీ పీకేశాడు. ఊరివాళ్లకు మాత్రం సిగ్గేసింది. ఏ మొహం పెట్టుకుని పిలుస్తామని, మూడు కోసుల దూరం చుట్టు తిరిగి పోయారు. ఆ సిగ్గు తీరి కేకేసేసరికి, గుడిసెలో పలికేవాడు లేడు. నాకా ఊరి మీద ఇప్పటికీ కోపమే.

ఇప్పటికీ ఆ రేవులో దిగేవాళ్లు చెప్పులు చేతపట్టుకుని "పైడయ్యా, ఉన్నావా?" అంటారు. జవాబు రాదు. పాదంతో మూడుసార్లు తడతారు. ఇసక గట్టిగా తగిలితే, వెనకవాళ్లతో అంటారు:

"ఉన్నాడు, రండి."