అడగని దిద్దుబాటు

కాకినాడ రేవు దగ్గర, పడవలవాళ్ళ ఫోన్లకు గాలి కబుర్లు పంపే చిన్న ఆఫీసులో విరూపాక్షం అనే ప్రోగ్రామరు ఉండేవాడు. పనిమంతుడే గానీ, ఒకరిని అడిగి చేసే అలవాటు మాత్రం అతనికి లేదు. పక్కింటి కూరలో ఎవరూ చూడకుండా ఉప్పు వేసి వచ్చే రకం. అందుకే కాబోలు, భోజనాల వేళ అతని దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు.

ఊరి నంబరు ఇస్తే ఊరి పేరు తెచ్చిపెట్టే ఫంక్షన్, అంటే ఆ ఒక్క పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము ముక్క, ఒకటి అతను రాశాడు. అందరూ తమ ప్రోగ్రాముల్లోంచి దాన్ని పిలిచి వాడుకునేవారు. గాలి వేగాన్ని సముద్రపు మైళ్ళ నుంచి కిలోమీటర్లలోకి మార్చడం తోటివాళ్ళు తరచూ మరిచిపోయేవారు. "చెబితే నొచ్చుకుంటారు, నేనే దిద్దేస్తే పోలా?" అనుకున్నాడు. ఆ రోజు నుంచి అతని ఫంక్షన్ తనను పిలిచిన ప్రోగ్రాములోకి తొంగిచూసేది. అక్కడ 'వేగం' అనే వేరియబుల్, అంటే గాలి వేగం విలువ దాచుకున్న పేరు, కనిపిస్తే, చెప్పాపెట్టకుండా దాని విలువ మార్చేసి వచ్చేది.

కొత్తగా సలోమి ఉద్యోగంలో చేరింది. మొదటి రోజే వచ్చి విరూపాక్షం పక్కన కూర్చుంది. "ఒక్కరే తింటున్నారేంటండీ? ఈ మాగాయ రుచి చూడండి" అంది. ఎన్నేళ్ళకో ఒకరు పలకరించేసరికి అతను తన డబ్బా కూడా ఆమె వైపు జరిపాడు.

సలోమి జాగ్రత్త గల మనిషి. వేగాన్ని తనే ముందుగా కిలోమీటర్లలోకి మార్చుకుంది. ఒక రోజు అది ఇరవై రెండు వచ్చింది; కాస్తా విరూపాక్షం ఫంక్షన్ చేతిలో పడి, మరోసారి మారి నలభై ఒకటైంది. నలభై దాటితే హెచ్చరిక వెళ్ళాలి. శుభ్రంగా వేటకు వెళ్ళదగ్గ రోజున "గాలి ఎక్కువ, వెళ్ళకండి" అని కబురు పోయింది. పడవలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. జాలర్లు వచ్చి ఆఫీసు మీద విరుచుకుపడ్డారు.

"రేపు సాయంత్రంలోగా తప్పెక్కడుందో చూపించమ్మా. లేదంటే ఉద్యోగం వదులుకో" అన్నాడు మేనేజరు.

సలోమి విరూపాక్షం దగ్గరికి పరిగెత్తింది. "చూడండి సార్, మీ ఫంక్షన్‌ను పిలవకముందు ఇరవై రెండు, పిలిచాక నలభై ఒకటి. ఊరి పేరు అడిగితే గాలి వేగం ఎలా మారుతుందండీ? ఆ విలువ నేను దానికి ఇవ్వనేలేదు!"

విరూపాక్షానికి క్షణంలో అర్థమైంది. నిజం చెబితే ఈ ఒక్క స్నేహమూ పోతుందని భయపడ్డాడు. "నీదే ఏదో పొరపాటయ్యుంటుంది, మళ్ళీ చూసుకో" అన్నాడు.

ఆమె మళ్ళీ మళ్ళీ చూసుకుంది. తన రాతలో తప్పు కనబడలేదు; రాసినవాడే కాదన్నాక అతని ఫంక్షన్‌ను తప్పుపట్టలేకపోయింది. "నా కళ్ళను నేనే నమ్మలేకపోతున్నాను సార్" అని, మర్నాడు సాయంత్రం రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయింది.

విరూపాక్షానికి ముద్ద దిగలేదు. పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాడు. మేనేజరు సలోమిని పిలిపించి ఉద్యోగం తిరిగి ఇచ్చాడు.

"క్షమించమ్మా" అన్నాడు విరూపాక్షం.

"మీరు పొరపాటు చేశారని కాదండీ నా బాధ. నన్ను నేనే అనుమానించుకుంటుంటే చూస్తూ ఊరుకున్నారు" అంది సలోమి. ఆ తర్వాత ఆమె అతనితో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

అడగకుండా ఒకరి పనిలో చెయ్యి పెడితే మేలు కూడా కీడవుతుంది. ఆ చెయ్యి తనదేనని దాచిపెడితే, దగ్గరున్న ఒక్క మనిషీ దూరమవుతారు.